కుండలో జిడ్డు

"మూడుసార్లు జిడ్డు గీకి పంపితే మూడుసార్లూ కల్తీ అంటరేంది లింబాద్రన్నా! సోమవారం రిపోర్టు లేకుంటే నా పీహెచ్‌డీ పోతది!"

బాన్సువాడలో కిరాయి గది. రాత్రి పదకొండు దాటింది. ఫోన్ స్పీకర్లో పెట్టి, బీర్కూర్ తవ్వకాల్లో దొరికిన కుండలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, సహజ కసిగా నాలుగోసారి గీకుతోంది.

ల్యాబులో లింబాద్రి గొంతు తగ్గించాడు. "ఏం రాయాల్నో తెలువక కల్తీ అని రాసిన చెల్లె. కొవ్వులో కార్బన్ ఐసోటోపులు చూస్తే ఆ కొవ్వు ఏ జీవిదో అది ఏం తిన్నదో తెలుస్తది గదా. మొదటిసారి పాలు. రెండోసారి వరి. ఈసారి మాంసం."

"మూడు వేల ఏండ్ల కుండ! ఇప్పుడు తిండి మారుడేంది?"

"అది పెరుగుతున్నది చెల్లె."

సహజ గీకడం ఆపింది.

కుండలో గీకుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.