ఒంటరివాళ్ల జాబితా

“మొగిలమ్మా, మీ రేషన్ కార్డులో నలుగురి పేర్లున్నాయి. మీరేమో ఒక్కదాన్నే అంటున్నారు. ఏది నిజం?”

చంద్రమౌళి ఫారం మీద పెన్ను ఆపి అడిగాడు. ఊళ్లలో ఒంటరిగా బతికే ముసలివాళ్ల మీద అతని పరిశోధన. ఇంట్లో ఇంకొకరున్నారని తెలిస్తే జాబితాలోంచి పేరు కొట్టేయాలి. రఘునాథపల్లిలో మిగతా ఫారాలన్నీ ఎప్పుడో పూర్తయ్యాయి. ఈ పేరు కూడా పోతే అతనికి ఇక వరంగల్ నుంచి ఈ ఊరికి రావలసిన పని లేదు.

“కార్డు పాతది సారూ. ఇప్పుడు నేనొక్కదాన్నే.”

దండెం మీద చిన్న గౌను ఆరుతోంది. అతని చూపు అటు పోవడం ఆమె గమనించింది.

“గా గౌను పక్కింటోళ్లది. మా వాకిట్ల ఎండ మంచిగ తాకుతది. అవు గని, పొద్దుగాల ఏం తిన్నవ్?”

“చాయ్ తాగాను.”

“చాయ్ తిండేనా? ఇంట్ల వండేటోళ్లు లేరా?”

అతను కాగితం తిప్పాడు. ఆమె ఆ మాట అడగడం ఇది ఆరో ఆదివారం. అతను కాగితం తిప్పడమూ ఆరోసారే.

మొగిలమ్మ సర్వపిండి తెచ్చింది. ఒక్క మనిషి తినగలిగేదానికి నాలుగింతలుంది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, కోతులు మక్కచేను పాడుచేసిన సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పింది.

పాపం, మాట్లాడే మనిషి దొరికితే వదలదు, అనుకున్నాడు చంద్రమౌళి. ఆదివారం పూట తను తప్ప ఈమెకు ఎవరున్నారు?

కార్డు సంగతి వదిలేశాడు. ‘ఒంటరితనం: తీవ్రం’ అని రాసి ఫారం మడిచాడు.

“ఇంకో మూడు ప్రశ్నలున్నాయమ్మా. వచ్చే వారం అడుగుతాను.”

“జరూర్ రా సారూ. ఖాళీ కడుపుతోనే రా.”

అతనెక్కిన ఆటో మలుపు తిరిగేదాకా చూసి, ఆమె పక్కింటి గోడ మీదుగా కేకేసింది.

“సార్ పోయిండు. ఇగ రాండ్రి!”

కొడుకూ కోడలూ వచ్చారు. వెనకే మనవరాలు పరుగెత్తుకొచ్చి దండెం మీది గౌను లాక్కుంది.

“ఐతారం వస్తె సాలు, మమ్ముల ఇంట్లకెళ్లి ఎల్లగొడుతవ్,” కోడలు కమల విసుక్కుంది. “ఉన్నదున్నట్టు చెప్తె ఏమైతదత్తమ్మా?”

“నా పేరు కొట్టేస్తడు,” అంది మొగిలమ్మ, అతను తిన్న పళ్లెం తీస్తూ. “మరి ఐతారం పూట ఆయనకు మనం తప్ప ఎవలున్నరే?”