పదిహేను నిమిషాల టైమర్

"జర జల్ది చెయ్ అన్నా," అంది హుమేరా, గొళ్లెం పెట్టిన గది వైపు చూస్తూ. లోపల ఎవరో గోడను దబదబా బాదుతున్నారు.

పాత వాషింగ్ మెషీన్ టైమర్ విప్పిన మెకానిక్ అనంతయ్యకు చెమట పట్టింది. బొటనవేలు సడలితే స్ప్రింగు ఎగిరిపోతుంది. అలాంటిది ఇప్పుడు గద్వాలలో ఎక్కడా దొరకదు.

"మీ ఇంటాయనకు గంత కోపమేందమ్మా? నాలుగు దినాలు బట్టలు చేతుల్తోని ఉతుకరాదా?"

బాదుడు ఎక్కువైంది. హుమేరా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతను ఊపిరి బిగబట్టి, తెగిన స్ప్రింగు కొసను వంచి కొక్కేనికి తగిలించాడు. మీట కొంచెం తిప్పాడు. టిక్కు టిక్కుమంది.

"నీళ్లు పొయ్యమ్మా, మోటరు చూస్త."

"మోటరు కాలిపోయి మూడేండ్లాయె. బట్టలు చేతుల్తోనే ఉతుకుత."

హుమేరా గొళ్లెం తీసింది. ఎనిమిదేళ్ల కూతురు పరుగున వచ్చి మెషీన్‌కు చెవి ఆనించింది. నుదురంతా కమిలిపోయి ఉంది.

"మాటలు రావన్నా బిడ్డకు. గీ సప్పుడు ఇంటెనే నిమ్మలమైతది. నువ్వు ఇప్పుతుంటే మీద పడ్తదని తలుపేసిన."

టిక్కు టిక్కు ఆగేలోపే అనంతయ్య మీటను చివరిదాకా తిప్పాడు.