తీసేసిన బల్బు

మెకానిక్ సగిన్ మూడోసారి కారుకు స్కానర్ తగిలించాడు. లోపమేమీ లేదంది అది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు మాత్రం నారింజ రంగులో వెలుగుతూనే ఉంది.

ప్లగ్గులు మార్చాడు, సెన్సరు మార్చాడు. చీకటి పడింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

"ఇంకా తేలలేదా అన్నా? తెల్లారేసరికి నరీన్‌లో ఉండాలి మేము," అన్నాడు నుర్దిన్. వెనక సీట్లో అతని భార్య, చంటిబిడ్డ నిద్రపోతున్నారు. దారిలో మంచు కనుమ దాటాలి.

"నీ డొక్కు బండి నా ప్రాణాలు తోడేస్తోందిరా తమ్ముడూ!" విసుగ్గా డ్యాష్‌బోర్డు విప్పి టార్చి వేశాడు సగిన్.

లైటు వెనక గూట్లో బల్బు లేదు. గూటికి అడ్డంగా నీలం టేపు ముక్క అంటించి ఉంది.

ఆ టేపు తనదే. కొనేవాళ్లకు ఇంజిన్ రోగం కనబడకూడదని, బండ్ల సంతకు ముందురోజు ఎన్ని బళ్లకు ఇలా బల్బులు పీకాడో! పీకినవన్నీ షెడ్డు మూలనున్న రేకు డబ్బాలో పడేసేవాడు.

"ఇది... ఎప్పట్నుంచి వెలుగుతోంది?"

"ఇవాళే అన్నా. నీ షెడ్డు కనబడగానే వెలిగింది."

సగిన్ ఖాళీ గూట్లో వేలు పెట్టి చూశాడు. ఇంతలో లైటు దానంతటదే ఆరిపోయింది.

"అమ్మయ్య! ఇక బిగించెయ్యన్నా, బయల్దేరతాం," నవ్వాడు నుర్దిన్.

మూల రేకు డబ్బా మూత సందులోంచి నారింజ వెలుతురు మెల్లగా బయటికి పాకింది.