మట్టి ఇజ్జత్

గోదావరి ఒడ్డు నల్లరేగడికి, గోకుంద గుట్టల ఎర్రమట్టికి, యావత్ భూసార శాస్త్రానికి తలవంచి క్షమాపణ వేడుకుంటున్నాను. నాందేడ్‌లో మట్టి పరీక్షలు చేసి బతికేవాడు ఇలాంటి కథ రాయడం మహాపరాధం.

ఆ పొద్దున గోకుంద నుంచి తొలి బస్సుకు వచ్చిన నర్సాబాయి, మా సర్కారు ల్యాబు మెట్ల మీద కూర్చుని తన చేను మట్టిలో రాళ్లు ఏరుతోంది, బియ్యంలో ఏరినట్టు.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?"

"చేను ఇజ్జత్ పోవద్దు గదా కొడుకా. గిన్ని రాళ్లు జూస్తే పత్తి వద్దని రాస్తరు."

"ఇంతకుముందు పత్తి ఏసినవా?"

"మూడేండ్లు ఏసిన. మూడేండ్లూ ఎండింది. ఊరంతా పత్తి ఏస్తుంటే నేనొక్కదాన్ని జొన్న ఏస్తే నవ్వరా?"

మెత్తటి మట్టిని సంచిలో పోసి నాకిచ్చి, మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

వారం తర్వాత మళ్లీ వచ్చింది. మట్టి పరీక్ష కార్డు చదివి వినిపించాను. రాళ్లు ఎక్కువ, తేమ నిలవదు, పత్తి పనికిరాదు, జొన్న, కంది మేలు.

ఆమె బల్ల మీదున్న మట్టి పరీక్ష మిషన్ వైపు చూసింది.

"మా ముసలోని లెక్కనే ఉన్నదిది. ఏం దాచినా దొరకబడ్తది."

కార్డు మడిచి కొంగున ముడేసుకుంది. "ఇగ ఎవలన్నా అడిగితే సర్కారే వద్దన్నదని జెప్త. పానం నిమ్మలమైంది కొడుకా."

పాపం, మిషన్‌కు ఏమీ తెలియదు. మట్టి ఇచ్చిన రోజు ఆమె బస్టాండ్ వైపు మళ్లాక నేను చేసింది ఒక్కటే. మెట్ల మీద ఆమె ఏరి పడేసిన రాళ్లను దోసిట్లోకి ఎత్తి, మళ్లీ ఆమె సంచిలోనే పోశాను.