మిగిలిన పది రోజులు

"లెక్క తప్పావు అమ్మాయ్," అంది పాస్టరమ్మ, గోడ మీది క్యాలెండరు దగ్గరకు వంగి. "పెంతెకొస్తు సోమవారం ఎలా అవుతుంది? ఆదివారం."

"ఈస్టరు మర్నాటి నుంచి యాభై లెక్కపెట్టానండీ."

"మర్నాటి నుంచి కాదు. ప్రభువు లేచిన ఆదివారమే ఒకటో రోజు. ఏడు వారాలు గడిచి, మళ్లీ ఆదివారం వచ్చేసరికి యాభై."

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే ఆమెను వీధిలో అందరూ అద్దాలక్క అంటారు. ఆమె పెన్సిలు తీసుకుని, సోమవారం చుట్టూ గీసిన సున్నాను చెరిపి ముందురోజు చుట్టూ గీసింది. ఒక రోజు తగ్గినందుకు సంతోషించాలో భయపడాలో ఆమెకు తెలియలేదు.

బల్ల కింద, పాత ఫ్రేములు పోసిన అట్టపెట్టె ముందు కూర్చుని, ఆరేళ్ల పిచ్చుక ఒక్కోటే తీసి పెట్టుకుని చూస్తోంది. నోరు మూయించలేక బళ్లో టీచర్లు దానికి పెట్టిన పేరది. ఇప్పుడా నోరు పెగలడం లేదు. ఈస్టరు ఆరాధన నుంచి తిరిగొస్తుంటే బస్సు బోల్తా పడింది. పిచ్చుక ఒంటి మీద గీత కూడా పడలేదు. మాట మాత్రం ఆగిపోయింది. ఆ సాయంత్రం పాస్టరమ్మే దాన్ని చేయి పట్టుకుని మేడ మీద అద్దాలక్క గదిలో దిగబెట్టింది. గొంతుకేమీ కాలేదనీ, బెదురు తగ్గితే మాట దానంతటదే వస్తుందనీ డాక్టరు అన్నాడు.

అప్పటి నుంచీ అద్దాలక్క చేయని ప్రయత్నం లేదు. ముద్ద ముద్దకీ ఒక కథ చెప్పింది. రాని పాటలు నేర్చుకుని పాడింది. అద్దం ముందు నిలబెట్టి "అ... మ్మ" అని పెదాలు కదిపి చూపించింది. మొదటి మాట అదే కావాలని ఆమె ఆశ. పిచ్చుక ఆ పెదాలకేసి చూసేది, ఆమె చెంప మీద చేయి వేసేది. అంతే.

"నోరు విప్పడానికే భయపడి కూర్చున్న ప్రభువు శిష్యులకు పెంతెకొస్తు రోజున మాటలొచ్చాయి కదండీ," అంది అద్దాలక్క. "దీనికీ అప్పుడే వస్తుందని నా మనసు చెబుతోంది."

"వస్తే అంతకన్నా ఏం కావాలి? కానీ యాభై అని మనకు తెలుసు. వాళ్లకు తెలీదుగా. నలభయ్యో రోజున, ఇవాళ్టి లాంటి గురువారమే, ప్రభువు వాళ్ల కళ్ల ముందు పైకి వెళ్లిపోయాడు. పట్నం వదలకుండా కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు. ఆ పది రోజులూ మేడగదిలో ఎలా గడిపారో పాపం."

"ఆయన్నే ఉండిపొమ్మని అడగొచ్చుగా."

"అడగాలనే ఉండి ఉంటుంది. తను వెళ్తేనే పరిశుద్ధాత్మ, ఆ ఆదరణకర్త, వస్తాడని ఆయన ముందే చెప్పాడు. పట్టుకుని కూర్చుంటే వచ్చేది రాదు అమ్మాయ్."

అద్దాలక్క చేతిలోని అద్దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉంది. అది ఎప్పుడో శుభ్రమైంది.

"ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు," అంది పాస్టరమ్మ గొంతు తగ్గించి. "నీకు కావలసింది దానికి మాట రావడమా, అది నిన్ను పిలవడమా?"

అద్దాలక్క తుడిచిన అద్దాన్ని ఫ్రేములో బిగించి ఆమె చేతికిచ్చింది. పాస్టరమ్మ కొత్త కళ్లజోడు పెట్టుకుని, పిచ్చుక తల నిమిరి వెళ్లిపోయింది.

ఆ శనివారం ఎప్పటిలాగే ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. అద్దాలక్క వీధిలోకి వెళ్లి మాట్లాడింది.

"ఇప్పుడే వద్దండీ. పిల్ల ఇంకా బెదురుగానే ఉంది. కొన్నాళ్లాగండి."

మూడు వారాలుగా ఇదే మాట చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ ఆ పూటంతా ఆమెకు ముద్ద దిగేది కాదు.

బడికి సెలవులు. సాయంత్రం కాగానే గది కిటికీ ఎక్కి కూర్చుని వీధి మలుపుకేసి చూడడం పిచ్చుకకు అలవాటైంది. అలా చూసినప్పుడల్లా అద్దాలక్క ఏదో ఒక వంక పెట్టి దాన్ని లోపలికి పిలిచేది. తర్వాతి గురువారం పిలవలేదు. పక్కన చేరి, చీకటి పడేదాకా తానూ అటే చూసింది. మలుపు తిరిగి ఎవరు వచ్చినా పిచ్చుక మెడ సాగేది, మళ్లీ వాలిపోయేది. ఎన్నిసార్లో అద్దాలక్క లెక్కపెట్టలేకపోయింది.

శుక్రవారం ఆమే ఆస్పత్రికి ఫోను చేసింది.

"ఇక ఆగొద్దండీ," అంది. "ఎల్లుండి. పొద్దున్నే."

లోపలికొచ్చి మొహం కడుక్కుంది. కళ్లెందుకు ఎర్రబడ్డాయన్నట్టు పిచ్చుక చూస్తే, "సబ్బు పడిందే," అంది.

ఆదివారం పిచ్చుకకు తలంటి, తెల్లగౌను తొడిగింది. కుర్చీని తలుపుకు ఎదురుగా తిప్పి అందులో కూర్చోబెట్టింది. రెండు జడలు వేసింది. నచ్చలేదని విప్పి మళ్లీ వేసింది. మూడోసారి విప్పబోయి మానేసింది.

"ఇవాళ పెంతెకొస్తు," అంది, చెప్పుల బకిలు పెట్టడానికి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంటూ. "నీకు మాట వచ్చినా రాకపోయినా నువ్వు నా బంగారానివే. సరేనా?"

పిచ్చుక తలూపింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టుకూ ఆగి ఆగి పైకొస్తోంది. అద్దాలక్క వేళ్లు బకిలు మీదే నిలిచిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. దగ్గరకు వేసిన తలుపు తెరుచుకుంది.

పిచ్చుక ఒళ్లంతా ఒక్కసారి కదిలింది.

"అమ్మా."

బొంగురుగా, సగం గాలితో వచ్చింది ఆ మాట. అయినా రెండక్షరాలూ స్పష్టంగా ఉన్నాయి. అద్దాలక్క కళ్లు మూసుకుని దాన్ని చివరిదాకా విన్నది. దేవునికి స్తోత్రం అని పెదాలు కదిపింది.

తర్వాత పక్కకు జరిగి, గుమ్మంలో చంకకర్రల మీద నిలబడ్డ పిచ్చుక తల్లికి దారి ఇచ్చింది.