చీటీలో రాయించని పేరు

‘నీ పేరుకు అర్థమేమిటి? చరిత్రలో ఆ పేరున్న గొప్పవాళ్లెవరు?’ బడిలో కూతురికి ఇచ్చిన పని అది.

ఇల్లాలు పుస్తకాలు తిరగేసి దగ్గరుండి రాయించింది. అర్థం, ఆరని వెలుగు. ఇద్దరు రాణులు, ఒక కవయిత్రి, ఒక వైద్యురాలు.

"నానమ్మ ఈ పేరే ఎందుకు పెట్టిందమ్మా?"

"ఇలాంటి పుస్తకమే ఏదో చూసి ఉంటుంది."

"మరి బుజ్జమ్మనీ రాద్దామా? తన అసలు పేరూ ఇదేగా!"

గది తుడుస్తున్న పనిమనిషి ఫక్కున నవ్వింది.

"నన్ను రాణుల పక్కన కూచోబెడితే ఇల్లెవరు తుడుస్తారు తల్లీ?"

ఇల్లాలు నవ్వలేదు.

మూడేళ్ల కిందట ఆడపడుచు పంపగా వచ్చిన మనిషి. పేరు చెప్పగానే ఇల్లాలు తేల్చేసింది.

"మా అమ్మాయిదీ అదే. ఒకింట్లో ఇద్దరెందుకు? నిన్ను బుజ్జమ్మ అంటాం."

"మీ ఇష్టం అమ్మగారూ" అంది, అంతే.

బడి పని రాసిన మర్నాడు బుజ్జమ్మ అంట్లు తోముతూనే పక్కకు ఒరిగిపోయింది.

ఇల్లాలే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"పేషెంటు పేరు?" అడిగాడు కౌంటర్లో గుమాస్తా.

నోటిదాకా వచ్చింది. కూతురి పేరు ఆసుపత్రి చీటీ మీదా? మనసు కీడు శంకించింది.

"బుజ్జమ్మ."

"ఇంటిపేరు?"

మూడేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

"తెలీదండీ."

మూడోనాడు మధ్యాహ్నం నర్సు ఫోను చేసింది. పోయిందట. ఎవరికోసమో తలుపు వైపే చూస్తూ పోయిందట.

చెయ్యగలిగింది చేశానని ఇల్లాలు తనకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం గుమ్మంలో ఆడపడుచు, చేతిలో సంచీతో, ఆయాసపడుతూ.

"దానికి బాగోలేదని పిల్ల ఫోన్లో చెబితే పరుగున వచ్చాను. పొద్దుట్నుంచీ ఆసుపత్రిలో అడగని మనిషి లేడు. ఆ పేరుతో ఎవరూ లేరంటారేంటి?"

"అక్కడే ఉంది వదినా. నేనే... వేరే పేరు రాయించాను."

"ఇప్పుడెలా ఉంది?"

ఇల్లాలు తల దించుకుంది.

వదిన గుమ్మంలోనే చతికిలబడింది.

"ఆవిడ మీకేమవుతుంది వదినా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. తెలిస్తే మీరు పని చెయ్యనివ్వరట, కూచోబెట్టి తిండి పెడతారట." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తమ్ముడికి రెండేళ్లప్పుడు మా ఇల్లంటుకుంటే, మంటల్లోకి దూకి వాణ్ని ఎత్తుకొచ్చిన పక్కింటి పిల్ల అది. మా అమ్మ నీ కూతురికి పెట్టింది దాని పేరే."