పట్టు లేని కడ్డీ

“ఇది కడ్డీనా, సబ్బుబిళ్ళా? కత్తి ఆనిస్తే జర్రున జారిపోతోంది!”

గుడ్డలో చుట్టిన, కత్తులు నూరుకునే సిరామిక్ కడ్డీని ఆమె సానకొట్టు బల్లమీద పెట్టింది. నోరు ఎంత గట్టిగా లేచినా చెయ్యి మాత్రం మెల్లగానే దించింది. కిందపడితే గాజులా ముక్కలైపోతుందని తెలుసు. పక్క వీధి హాస్టల్లో వంటంతా ఆమె చేతిమీదే నడుస్తుంది. పొద్దు పొడవకముందే బుట్టల కొద్దీ కూరలు తరగాలి. కత్తి మొద్దుబారిన రోజు ఆమె మాటకు పదునెక్కుతుంది.

సానకొట్టతను తలెత్తలేదు. ముప్పై దాటినా, ఆడమనిషి ఎదురుగా నిలబడితే నోట్లో మాట నోట్లోనే ఉండిపోయే రకం. గుడ్డ విప్పి చూశాడు. నిన్న ఎంత తెల్లగా ఇచ్చాడో ఇవాళా అంతే తెల్లగా ఉంది. గోటితో గీశాడు. గోరు నున్నగా జారిపోయింది.

“నూనె చేత్తో పట్టుకున్నారా?”

“నూనె చేత్తో కత్తి ముట్టుకుంటే మా వంటగదిలో ఎవర్నీ బతకనివ్వను. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళా, విప్పా, కత్తి పెట్టా, జారింది. పోయినసారీ అంతే, అంతకుముందూ అంతే. ఇదే ఆఖరు. ఈసారి కూడా జారిందంటే బజారు చివర కొట్టుకు పోతా. మళ్ళీ మీ గుమ్మం తొక్కను.”

అతను కడ్డీని దగ్గరికి లాక్కున్నాడు. ఒక కడ్డీ పని పోతే కొంపేం మునగదు. ఆ మనిషి రావడం మానేస్తేనే పొద్దు గడవదు. ఆ సంగతి ఆమెతో చెప్పడానికి కడ్డీకున్నంత నోరు కూడా లేదు తనకి.

వెనకాల పీటమీద కూర్చుని పాత చీర పీలికలుగా చింపుతున్న అతని తల్లి కల్పించుకుంది. “కూర్చోమ్మా. ఈసారి నీ కళ్ళముందే చేస్తాడు.”

“పర్లేదులే పిన్నీ.”

“పిన్నేమిటమ్మాయ్! పిన్నీ అంటే నీకూ వీడికీ ఏం వరసవుతుందో చూసుకున్నావా? అత్తా అను. నోరేం అరిగిపోదు.”

ఆమె పక్కకు తిరిగి నవ్వు దాచుకుంది. అతను చెవులదాకా ఎర్రబడి, కడ్డీ పట్టుకుని కుళాయి దగ్గరికి పారిపోయాడు. ఆమె వెనకాలే వెళ్ళి నిలబడింది.

చేతిలో పని ఉంటే మాత్రం అతనికి మాటలు వస్తాయి.

“దీనిమీద కంటికి ఆనని గరుకు ఉంటుందండీ. కత్తి రుద్దినప్పుడు రాలే ఇనప రజను అందులో కూరుకుపోయి, నల్లబడి, పట్టు పోతుంది. జనం అరిగిపోయిందని పారేస్తారు. అరగలేదు పాపం, ఊపిరాడక అలా ఉంటుంది.”

“కొందరు మనుషుల్లాగే,” అంది ఆమె.

అతను వినబడనట్టు నటించి, గిన్నెలు తోమే పొడి తడిగుడ్డకు అద్ది, కడ్డీని తిప్పుతూ తిప్పుతూ రుద్దాడు. అరిగిన పళ్ళ బ్రష్షుతో చివరంటా తోమాడు. పొడి ఆనవాలు లేకుండా ధారకింద కడిగాడు.

“రోజూ ఇంత అవసరం లేదు. పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరుంటుందే, దాంతో రుద్దితే పైపై మురికి పోతుంది. జిడ్డు మాత్రం తగలకూడదు.”

“నాకు చెప్తారేం? మీ కడ్డీకి చెప్పండి.”

ఆరాక గోరు గీశాడు. బర్రుమంది. ఆమె సంచిలోంచి కత్తి తీసి అటూ ఇటూ దువ్వి, పాత కాగితం అంచున పెట్టింది. కాగితం చప్పుడు లేకుండా రెండైంది.

“ఇప్పుడు బంగారంలా ఉంది. హాస్టలు చేరేసరికి దీనికేం రోగమొస్తుందో!”

“దెబ్బ తగలకుండా చుట్టిస్తానుండు,” అని తల్లి కడ్డీ లోపలికి తీసుకెళ్ళి, పసిబిడ్డను పొత్తిళ్ళలో పెట్టినట్టు చుట్టి తెచ్చి చేతికిచ్చింది.

మర్నాడు కొట్టు తలుపులు తీసేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

“జారిందా?”

“జారింది.”

“బజారు చివర కొట్టుకు పోతానన్నారు?”

“పోతున్నా. చెప్పి పోదామని వచ్చా.”

చెప్పకుండా పోయే గిరాకీలే గాని, చెప్పి పోదామని వచ్చే గిరాకీని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అప్పుడు తట్టింది. ఇద్దరి కళ్ళముందూ బర్రుమన్న కడ్డీ రాత్రికి రాత్రి దానంతటది పాడవుతుందా? కావాలనే ఏదో పూస్తోంది! దేనికి? ఇక్కడికి రావడానికి!

గుండె చిక్కబట్టుకున్నాడు. “మీకు రావాలనుంటే ఉత్తినే రావచ్చు. దానికోసం కడ్డీ పాడుచేసుకోవడం ఎందుకు?”

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. “నేనా? నన్ను రప్పించుకోడానికి మీరే ఏదో పూసిస్తున్నారని రాత్రంతా నేననుకుంటుంటే!”

“రాత్రంతా అనుకున్నారా?”

ఆమె నాలిక్కరుచుకుంది.

బయటపడలేక నామీదికి తోస్తోంది పాపం, అనుకున్నాడు అతను. “సరే, నేనే చేశాననుకోండి,” అన్నాడు.

ఈ సిగ్గరి ఇంతకంటే ఏం ఒప్పుకుంటాడు, అనుకుంది ఆమె. “పోనీ, నేనూ చేశాననుకోండి. చెరిసగం.”

ఇద్దరికీ నవ్వాగలేదు. ఆమె తెచ్చి బల్లమీద పెట్టిన కడ్డీని ఎవరూ పట్టించుకోలేదు.

“రేపు కడ్డీ లేకుండా రండి.”

“నేను రాను. మీరే మా ఇంటికి రండి. మా నాన్న నాకంటే పదును. మాటసాయానికి మీ అమ్మగారిని తెచ్చుకోండి.”

“అమ్మా!” అని లోపలికి కేకేశాడతను. “విన్నావా?”

“వస్తున్నాన్రా, చేతులు కడుక్కుంటున్నా!”

కుళాయి దగ్గర తల్లి, గోళ్ళ సందుల్లో నిన్నట్నుంచి ఇరుక్కున్న కొవ్వొత్తి మైనం గీక్కుంటోంది.